తాళంచెవి వేసినా తెరుచుకోని మడతబందు: ఒక డీఎన్‌ఏ ఒరిగామి రోబో కేస్ స్టడీ

అణువులతో రోబోలు కట్టే పనిలోకి కొత్తగా దిగినవాళ్లకు దాదాపు అందరికీ ఎదురయ్యే కేసు ఇది. డీఎన్‌ఏతో మడిచిన రెండు చేతులు, వాటి మధ్య ఒక మడతబందు. చేతుల కొసల దగ్గర మూడు డీఎన్‌ఏ తాళాలు వాటిని మూసి పట్టుకుంటాయి. తాళంచెవి పోగు వేస్తే తాళాలు విడిపోయి చేతులు విచ్చుకోవాలి. ఆ చెవిని లాగేసే మరో పోగు వేస్తే మళ్లీ మూసుకోవాలి. అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్‌లో పట్టీ సన్నగా, చక్కగా వచ్చింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆకారం గీసినట్టే ఉంది. కానీ తాళంచెవి పోగును నిర్మాణానికి పది రెట్లు వేసినా ఫ్లోరెసెన్స్ సిగ్నల్, అంటే చేతులకు తగిలించిన మెరిసే రంగుల వెలుగు, కదలీ కదలనట్టు ఉండిపోయింది.

ఇలా జరిగితే అనుమానం ముందు డిజైన్ మీదికి పోతుంది. బందు బిగుసుకుందనో, తాళం వరుస తప్పు పడిందనో అనుకుని కొత్త పోగులు ఆర్డర్ పెడతారు. ఎక్కువసార్లు డిజైన్‌లో తప్పేమీ ఉండదు. తప్పు ట్యూబులో మిగిలిపోయిన పోగుల్లో ఉంటుంది. అది కాగితం మీద నాలుగు గుణకారాలతో తేలిపోతుంది. ముందు ఏం కట్టామో చూద్దాం.

కట్టుబడి

డీఎన్‌ఏను కట్టుబడి సామగ్రిగా వాడవచ్చన్న ఆలోచనను నెడ్ సీమన్ 1982లో ముందుకు తెచ్చాడు. పొడవాటి ఒంటిపేట వైరస్ డీఎన్‌ఏను రెండువందలకు పైగా పొట్టి పోగులతో కుట్టి కోరిన ఆకారంలోకి మడిచే ఒరిగామి పద్ధతిని 2006లో పాల్ రోత్‌మండ్ చూపించాడు. పోగు వేసి తెరవడం, పోగు వేసి మూయడం అంతకన్నా పాతదే. 2000లో బెర్నార్డ్ యుర్కే బృందం చేసిన డీఎన్‌ఏ పట్టకారు ఆ కిటుకుతోనే నడిచింది. మన బందులో ఈ రెండూ కలిశాయి.

పొడవాటి పోగు, అంటే స్కాఫోల్డ్, ఎం13 వైరస్ నుంచి తీసిన 8064 బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) రకం. ఒక్కో చేయి 18 హెలిక్స్‌ల (మెలితిరిగిన జంటపేటల) కట్ట, తేనెపట్టు అల్లిక. ఒక్కో హెలిక్స్ పొడవు 210 బేసు జతలు. జతకు 0.34 నానోమీటర్ల చొప్పున చేయి పొడవు సుమారు 71 నానోమీటర్లు. 210ని ఊరికే ఎంచుకోలేదు. తేనెపట్టు అల్లికలో 21 జతలకు సరిగ్గా రెండు మెలికలు పడతాయి, కాబట్టి 21 గుణిజాల్లో పోతే చేయి మెలితిరగదు. చదరపు అల్లికకు పోతే మెలికకు 10.67 జతలు పెట్టాల్సి వస్తుంది. సహజ సంఖ్య 10.5 చుట్టూ ఉంటుంది కాబట్టి అక్కడ చేయి తాడులా తిరుగుతుంది, దాన్ని సరిచేయడానికి అక్కడక్కడ బేసులు తీసేయాలి.

రెండు చేతులకు 7560 బేసులు పోగా 504 మిగులుతాయి. అందులో కొన్ని రెండేసి బేసుల ఒంటిపేట ముక్కలుగా బందు ఇరుసు అవుతాయి. మిగతావి బందు వైపు వదులు ఉచ్చులుగా ఉండిపోతాయి. వాటిని ముట్టుకోకపోవడమే మంచిది. సగటున 42 బేసుల స్టేపుల్స్, అంటే కుట్టే పొట్టి పోగులు, 180 పడతాయి: నడిమి భాగానికి 140, కొసలకు 28, బందుకు 4, తాళాలకు 6, రంగులకు 2. కొస స్టేపుల్స్‌కు నాలుగేసి థైమిన్ బేసులు తోకగా పెట్టాలి. పెట్టకపోతే హెలిక్స్‌ల మొండి కొసలు ఒకదానికొకటి అతుక్కుని, చేతులు వరుసగా గొలుసు కడతాయి. జెల్ బావిలోనే (నమూనా పోసే గుంటలోనే) ఇరుక్కుపోయిన పదార్థం కనబడితే ముందు చూడాల్సింది ఈ తోకలనే.

తాళం దగ్గర కొంచెం ఆగాలి. డీఎన్‌ఏ పోగు రెండు కొసలకు 5′, 3′ అని పేర్లు, జతపడే రెండు పోగులు ఎప్పుడూ ఎదురెదురు దిశల్లో ఉంటాయి. ఒక చేతి స్టేపుల్‌కు 3′ కొసన 26 బేసుల పొడిగింపు ఉంటుంది: 18 తాళానికి, చివరి 8 టోహోల్డ్‌కు. టోహోల్డ్ అంటే తాళంచెవి మొదట పట్టుకునే ఖాళీ కొస. ఎదుటి చేతి స్టేపుల్‌కు 5′ కొసన, ఆ 18కి జతపడే 18 బేసుల పొడిగింపు. ఒకటి 3′ వైపు, రెండోది 5′ వైపు అన్నది ఇక్కడ ప్రాణం. అప్పుడే రెండు పోగులూ జిప్పులా ఒకే వైపు నుంచి మొదలై జతపడతాయి, చేతులు దగ్గరకొస్తాయి, టోహోల్డ్ అవతలి కొసన గాలిలో వేలాడుతుంది. పొరపాటున రెండింటికీ 3′ కొసనే పొడిగిస్తే జత పడటం పడుతుంది. కానీ ఆ 18 జతల ముక్క, అంటే 6 నానోమీటర్ల కడ్డీ, చేతుల మధ్య అడ్డుకర్రలా నిలుస్తుంది. పైగా టోహోల్డ్ చేతి గోడ పక్కన నలిగిపోయి తాళంచెవికి సరిగా అందదు. ఆర్డర్ పెట్టేముందు ప్రతి తాళం పోగునూ కాగితం మీద బాణం గుర్తుతో గీసి చూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ఈ తప్పును పట్టుకోదు.

తాళంచెవి పొడవు 34 బేసులు: 26 తాళం పోగుకు జతపడతాయి, మిగిలిన 8 వెలుపల వేలాడుతూ లాగుడు పోగుకు పట్టు ఇస్తాయి. తాళం వరుసల్ని మూడే అక్షరాలతో, అంటే గ్వానిన్ లేకుండా, రాస్తే ఆ పోగు తనలో తాను ముడిపడే బెడద తగ్గుతుంది.

తాళాలు మూడు ఎందుకు? ఒక్కో స్టేపుల్ తన చోట కూర్చునే అవకాశం 85 శాతం అనుకుందాం. తాళానికి రెండు పోగులు కావాలి, కాబట్టి ఒక తాళం పూర్తిగా ఉండే అవకాశం 72 శాతం. ఒకటే తాళం పెడితే నూటికి 28 నిర్మాణాలు ఎప్పటికీ మూసుకోవు. మూడు పెడితే కనీసం ఒక తాళమైనా ఉన్నవి 98 శాతం అవుతాయి. మూయడానికి ఇది లాభమే. కానీ తెరవాలంటే ఉన్న తాళాలన్నీ తెరుచుకోవాలి. ఈ లెక్క మళ్లీ కాసేపట్లో ఎదురవుతుంది.

వంట

వంద మైక్రోలీటర్లకు పాళ్లు ఇవి. నానోమోలార్, మైక్రోమోలార్, మిల్లీమోలార్ అన్నవి గాఢత కొలతలు, ఒక్కోటి ముందుదానికి వెయ్యి రెట్లు. 100 నానోమోలార్ స్కాఫోల్డ్ 20 మైక్రోలీటర్లు, కాబట్టి చివర్లో 20 నానోమోలార్. స్టేపుల్స్ ఒక్కొక్కటి 200 నానోమోలార్, అంటే పది రెట్లు. వంద మైక్రోమోలార్ బావుల (ప్లేట్‌లోని గుంటల) నుంచి 140 నడిమి పోగుల్నీ సమానంగా కలిపితే ఒక్కోటి 714 నానోమోలార్‌కు పలుచబడుతుంది, అందుకే ఈ పూల్ (కలిపిన మిశ్రమం) నుంచి 28 మైక్రోలీటర్లు పోతాయి. కొస పోగుల పూల్ 5.6. బందు, తాళం, రంగు పూల్‌లను అలాగే వాడితే మైక్రోలీటరు, అంతకన్నా తక్కువ పీల్చాల్సి వస్తుంది, అక్కడే పిపెట్ మోసం చేస్తుంది. వాటిని ముందే పోగుకు 5 మైక్రోమోలార్‌కు పలుచన చేసి నాలుగేసి మైక్రోలీటర్లు వేయడం మేలు. పది రెట్లు చిక్కని బఫర్ 10 మైక్రోలీటర్లు (50 మిల్లీమోలార్ ట్రిస్, 10 మిల్లీమోలార్ ఈడీటీఏ, 50 మిల్లీమోలార్ ఉప్పు). 200 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ 8. మిగతా 16.4 నీళ్లు.

మెగ్నీషియం 16 మిల్లీమోలార్ వేసినా ఈడీటీఏ ఒక మిల్లీమోలార్ మింగేస్తుంది. కొత్త డిజైన్‌కు 16 సరిపోతుందని నమ్మి కూర్చోకూడదు. 10 నుంచి 24 వరకు రెండేసి పెంచుతూ ఎనిమిది ట్యూబులు పెట్టి జెల్ మీద చూడాలి. తక్కువైతే హెలిక్స్‌ల రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని ఆకారం కూడదు. ఎక్కువైతే నిర్మాణాలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఉష్ణోగ్రత 65 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, ఆ తర్వాత 60 నుంచి 44కు గంటకు ఒక డిగ్రీ. మొత్తం పదహారు గంటలు, రాత్రికి పెట్టి వదిలేయడమే. జెల్ 2 శాతం అగరోజ్, సగం బలం టీబీఈ బఫర్, అందులో 11 మిల్లీమోలార్ మెగ్నీషియం. 70 వోల్టులు, మూడు గంటలు, ట్యాంకు మంచునీళ్లలో. జెల్‌లోనూ బఫర్‌లోనూ మెగ్నీషియం వేయడం మరిచిపోతే మంచి నిర్మాణం కూడా మసకగా సాగి, మడతే కుదరలేదనిపిస్తుంది.

సిగ్నల్ ఎందుకు కదల్లేదు

జెల్ ఫోటోలో అడుగున ఒక మబ్బు ఉంటుంది, మిగిలిపోయిన స్టేపుల్స్‌ది. ఫోటోను స్లైడ్‌లో పెట్టేటప్పుడు దాన్ని కత్తిరించేస్తారు. ఈ కేసుకు జవాబు అక్కడే ఉంది.

టోహోల్డ్ ఉన్న తాళం పోగులు మూడు, మూడింటి పొడిగింపూ ఒకటే వరుస. ఒక్కోటి 200 నానోమోలార్ వేశాం, నిర్మాణం 20 మాత్రమే. కాబట్టి ఒక్కోటి 180 చొప్పున, మొత్తం 540 నానోమోలార్ తాళం పోగులు ద్రవంలో విడిగా తిరుగుతున్నాయి. వాటిలో చాలామటుకు విడిగా ఉన్న 18 బేసుల జోడీలతో ముందే జతకట్టి ఉంటాయి. తాళంచెవికి ఆ తేడా పట్టదు, టోహోల్డ్ కనబడితే చాలు, విడదీసేస్తుంది. నిర్మాణాల మీద ఉన్న తాళాలు 60 నానోమోలార్. కలిపితే 600.

‘పది రెట్లు’ అని వేసిన తాళంచెవి 200 నానోమోలార్. అది 600 తాళాల మీద సమంగా పంచుకుంటే ఒక్కో తాళం తెరుచుకునే అవకాశం మూడింట ఒకటి. నిర్మాణం విచ్చుకోవాలంటే మూడూ తెరుచుకోవాలి: మూడింట ఒకటి, మూడు సార్లు గుణిస్తే 27లో ఒకటి. నాలుగు శాతం కూడా లేదు. తాళంచెవి పని చేయలేదని కాదు, పనంతా విడి పోగుల మీదే చేసింది. ట్యూబును ఎంత పలుచన చేసినా ఈ నిష్పత్తి మారదు, ఎందుకంటే అన్నీ కలిసే పలుచబడతాయి.

ఇదే కారణం కొలతనూ చెడగొడుతుంది. ఒక చేతి మీద సీవై3, ఎదుటి చేతి మీద సీవై5 అనే రంగులున్నాయి. దగ్గరగా ఉంటే మొదటిది తన శక్తిని రెండోదానికి ఇచ్చేస్తుంది, దూరమైతే తనే వెలుగుతుంది. దాత రంగు సీవై3 ఉన్న స్టేపుల్ కూడా 200 నానోమోలార్ వేశాం, అందులో 20 మాత్రమే నిర్మాణం మీద కూర్చుంది. యంత్రం చూసే పచ్చటి వెలుగులో పదింట తొమ్మిది వంతులు ఏ చేతికీ అంటని పోగులది. నిర్మాణాలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నా సిగ్నల్ మార్పు పదో వంతు లోపే ఉంటుంది. 27లో ఒకటి తెరుచుకుంటే ఆ మార్పు కొలతలో మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల్లో మునిగిపోతుంది. రెండు లోపాలూ ఒకదాన్నొకటి గుణిస్తాయి, అందుకే గ్రాఫ్ అంత చదునుగా వచ్చింది.

తాళంచెవిని ఏకంగా మైక్రోమోలార్ వేసేస్తే పోలేదా? తెరవడానికి పనికొస్తుంది. కానీ మళ్లీ మూయడానికి అంతకు మించి లాగుడు పోగు వేయాలి, విడి తాళం పోగులు అక్కడే ఉంటాయి, రంగు తెర కూడా తొలగదు. ఒక్కసారి తెరిచి వదిలేసే పెట్టెకు అది చెల్లుతుంది, రోబోకు చెల్లదు.

శుద్ధి

ఈ పొడవు నిర్మాణాలకు అందుబాటులో ఉన్న తేలిక దారి పీఈజీ (పాలీఎథిలీన్ గ్లైకాల్) అనే పాలిమర్‌తో అవక్షేపం, అంటే నిర్మాణాలను ముద్దగా అడుక్కి దించడం. వంద మైక్రోలీటర్ల వంటకు ముందు మెగ్నీషియం 20 మిల్లీమోలార్‌కు సరిచేసి, అంతే పరిమాణం పీఈజీ ద్రావణం కలపాలి: 15 శాతం పీఈజీ 8000, ట్రిస్, ఈడీటీఏ, సుమారు 500 మిల్లీమోలార్ ఉప్పు. గది ఉష్ణోగ్రతలో సెంట్రిఫ్యూజ్‌లో 16,000 జీ, 25 నిమిషాలు. చల్లబరచక్కర్లేదు. పై ద్రవాన్ని మెల్లగా తీసేయాలి. ముద్ద కంటికి కనబడకపోవచ్చు, అందుకే ట్యూబు ఏ వైపు బయటికి ఉందో గుర్తు పెట్టుకుని పిపెట్ కొనను ఎదుటి గోడకు ఆనించి పీల్చాలి.

ఇక్కడ తీసేసే పై ద్రవం ఎంత అన్నదే అసలు సంగతి. 95 శాతం తీస్తే, మళ్లీ అదే వందకు కరిగించాక విడి స్టేపుల్ ఒక్కోటి 180 నుంచి 9 నానోమోలార్‌కు దిగుతుంది. మూడు తాళాలకు 27. నిర్మాణం మీది 60తో పోలిస్తే ఇంకా చిన్న సంఖ్యేమీ కాదు. రెండోసారి చేస్తే 1.35. ఒక్కసారితో ఆపేయడం ఈ పనిలో మామూలు పొరపాటు. రెండు సార్లు తప్పనిసరి, అది కూడా విడి పోగులేవీ ముద్దతో పాటు దిగలేదనుకుంటేనే. తాళం పోగు 68 బేసులు, దాని జోడీ 60. ఈ రెండూ జతకట్టిన ముక్క మామూలు స్టేపుల్ కన్నా బరువైనది, కొంత ముద్దలోకి రావచ్చు. అనుమానం ఉంటే శుద్ధి చేసిన దాన్నే మళ్లీ జెల్ మీద పెట్టి అడుగు మబ్బు మాయమైందో లేదో చూడాలి. జెల్ నుంచి కోసి తీస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది కానీ చేతికి వచ్చేది బాగా తక్కువ.

ముద్దను 12 మిల్లీమోలార్ మెగ్నీషియం ఉన్న బఫర్‌లో 30 డిగ్రీల దగ్గర కనీసం అరగంట కరగనివ్వాలి. తొందరపడి పిపెట్‌తో గట్టిగా కొడితే గుంపులు గుంపులుగానే ఉండిపోతాయి. చివరి పలుచనకు 0.05 శాతం ట్వీన్-20 (సబ్బులాంటి పదార్థం) కలపడం మరవకూడదు. ఒకటి రెండు నానోమోలార్ దగ్గర నిర్మాణాలు ప్లాస్టిక్ గోడకు అతుక్కుపోతాయి, ఆ తగ్గుదల చూసి చేతులు కదిలాయనుకునే ప్రమాదం ఉంది.

తెరుచుకుంది, కానీ ఎంత?

శుద్ధి తర్వాత గ్రాఫ్ లేస్తుంది. ఇప్పుడు రెండో ఉచ్చు. సీవై3, సీవై5 జతకు శక్తి సగం మారే దూరం సుమారు 5.4 నానోమీటర్లు. రంగులు బందు నుంచి 60 నానోమీటర్ల దూరాన, మూసినప్పుడు ఒకదానికొకటి 4 నానోమీటర్లలో ఉన్నాయి. అక్కడ బదిలీ 86 శాతం. చేతులు విచ్చుకుని రంగుల మధ్య 10 నానోమీటర్లు వచ్చేసరికి అది రెండున్నర శాతానికి పడిపోతుంది. అరవై నానోమీటర్ల చేతి మీద పది నానోమీటర్ల ఎడం అంటే తొమ్మిదిన్నర డిగ్రీలు. అక్కడి నుంచి తొంభై డిగ్రీల దాకా ఈ సిగ్నల్‌కు అంతా ఒకటే. ‘పూర్తిగా తెరుచుకుంది’ అని ఫ్లోరెసెన్స్ చెప్పలేదు, ‘మూసి లేదు’ అని మాత్రమే చెబుతుంది.

కోణం కావాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తప్పదు. 2 శాతం యురేనిల్ ఫార్మేట్ రంగు, గ్లో డిశ్చార్జ్ చేసిన కార్బన్ గ్రిడ్, 5 నానోమోలార్ దగ్గర నమూనా, ఒకటి రెండు నిమిషాలు ఆగి అద్దడం. పక్కకి పడుకున్న బందుల్లోనే కోణం కనబడుతుంది. పీఈజీ సరిగా పోకపోతే వెనకతెర మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఎండేటప్పుడు రంగు ఆకారాన్ని నొక్కుతుంది కాబట్టి ఒక్కో కోణాన్ని కాకుండా వందల కణాల పంపిణీనే చూడాలి.

కంట్రోళ్లు, అంటే పోలిక కోసం పెట్టే నమూనాలు, మూడు లేకుండా ఏ గ్రాఫ్‌నూ నమ్మకూడదు: తాళం పోగులు అసలు లేనిది, టోహోల్డ్ కత్తిరించిన తాళంతో కట్టినది, సరైన బందుకే వరుస కలగాపులగం చేసిన తాళంచెవి వేసినది. మూడోదానిలో కూడా సిగ్నల్ పెరిగితే, కదిలింది చేతులు కావు, మీరు పోసిన ద్రవం.

వేగం, తిరుగు ప్రయాణం

టోహోల్డ్ పొడవు పెరిగే కొద్దీ విడదీసే వేగం బేసుకు సుమారు పది రెట్ల చొప్పున పెరిగి ఆరేడు బేసుల దగ్గర ఆగిపోతుందని 2009లో డేవిడ్ జాంగ్, ఎరిక్ విన్‌ఫ్రీ కొలిచి చూపించారు. ఎనిమిది బేసులంటే పైమెట్టు మీద ఉన్నట్టే. సెకనుకు మోలార్‌కు పది లక్షలు అనుకుంటే, 200 నానోమోలార్ తాళంచెవికి సగం కాలం మూడున్నర సెకన్లు. ప్లేట్ రీడర్ (వెలుగు కొలిచే యంత్రం) మొదటి కొలత తీసే లోపే కథ అయిపోతుంది, ఎక్కే వంపు కనబడక ‘ముందే తెరిచి ఉంది’ అనిపిస్తుంది. 20 నానోమోలార్ వేస్తే 35 సెకన్లు, చూడటానికి సరిపోతుంది. చేతి గోడ పక్కన ఉన్న తాళానికి ఇంకొంచెం ఎక్కువే పట్టడం మామూలు.

తక్కువ వేయడానికి ఇంకో కారణం ఉంది. కొలత బావిలో నిర్మాణం 2 నానోమోలార్, తాళాలు 6. తాళంచెవిని 200 వేస్తే పిపెట్‌లో మూడు శాతం తేడా ఆరు నానోమోలార్, అంటే ఉన్న తాళాలన్నింటితో సమానం. లాగుడు పోగు లెక్క అక్కడే తప్పుతుంది. ఒక చక్రంలో చెవి మిగిలిపోయి బందు మూసుకోదు, ఇంకో చక్రంలో లాగుడు పోగు మిగిలి తర్వాతి చెవిని మింగేస్తుంది. 20 వేసి, 24 లాగుడు పోగుతో తీసి, మిగిలిన 4కు సరిపడా తర్వాతి చెవిలో కలిపి 24 వేయడం నడుస్తుంది.

చక్రానికి 20 నానోమోలార్ పైచిలుకు వ్యర్థ జతలు పేరుకుంటాయి. ఇలా పోగులతో నడిచే రోబోల పుట్టుబలహీనత ఇదే. మ్యూనిక్‌లో ఫ్రీడ్రిచ్ సిమెల్ బృందం 2018లో 55 నానోమీటర్ల పలక మీద 25 నానోమీటర్ల చేతిని విద్యుత్ క్షేత్రంతో తిప్పడం వెనక ఉన్న ఆకర్షణ కూడా అదే: పోగు పోయక్కర్లేదు, వ్యర్థం ఉండదు, కదలిక మిల్లీసెకన్లలో. దానికి పలకను గాజుకు అతికించి ఎలక్ట్రోడ్లు పెట్టాలి, ట్యూబులో తేలే రోబోకు అది కుదరదు.

పోగులతోనే కొనసాగితే పలుచనను లెక్కలోకి తీసుకోవాలి. వంద మైక్రోలీటర్ల బావిలో పది చక్రాలకు ఇరవై సార్లు ఒక్కో మైక్రోలీటరు పోస్తే 120 అవుతుంది. నిర్మాణం 2 నుంచి 1.67కు దిగి సిగ్నల్ 17 శాతం తగ్గుతుంది. దాన్ని బందు అలసటగా చదవడం తేలిక. ప్రతి చేర్పు తర్వాత సీవై5ను దాని సొంత వెలుగుతో నేరుగా వెలిగించి ఒక కొలత తీసుకుని, బదిలీ సిగ్నల్‌ను దాంతో భాగించాలి. భాగించాక కూడా పదో చక్రం ఎత్తు మొదటిదాని కన్నా పొట్టిగా ఉంటే అప్పుడు తాళాల వైపు చూడవచ్చు.